అక్క గొంతులో పదిహేడు శాతం

మా బావని బజారులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పర్సెంటు అంటారు. పాత ఆంప్లిఫయర్లు, రికార్డు ప్లేయర్లు చంకన పెట్టుకుని వచ్చి, "పర్సెంటు ఇల్లు ఇదేనా?" అని అడుగుతారు. ఆ పేరు ఊరికే రాలేదు. కూరగాయల కొట్లో కిలో తూకం వేయించుకుని, "ఈ రాయి ఎంత శాతం అటూ ఇటూగా కిలో?" అని అడిగిన మనిషి. నేను కుట్టిచ్చిన చొక్కా చేతులు రెండూ బల్ల మీద పరిచి, టేపు పెట్టి, కుడిచెయ్యి రెండు నూళ్ళు, అంటే పావు అంగుళం, పొడుగుందని నాకే చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న దాన్ని, నాకు ఒళ్ళు మండిపోయింది. "చొక్కా సరిగానే ఉంది, నీ కుడిచెయ్యే పొట్టి" అన్నాను. ఆ మనిషి నవ్వలేదు. టేపు తీసుకుని తన చేతులు కొలుచుకున్నాడు.

నేను మరదల్ని. మా అక్క ఆయన భార్య. అక్క పోయి ఐదేళ్ళయింది. ఈ ఐదేళ్ళలో బావ కోరుకున్నది ఒక్కటే: అక్క గొంతు ఎలా ఉండేదో అలాగే, ఉన్నదున్నట్టు, ఒక్కసారి వినాలని. అందుకు ఆయన దగ్గర ఒకే ఒక్క ఆధారం ఉంది. అది ఒక రికార్డు. అందులో అక్క పాటలేమీ పాడలేదు. మేకుల వ్యాపారం గురించి ఉత్తరాలు చదివింది.

అదెలా జరిగిందో చెబుతాను. అక్క ఇరవై రెండేళ్ళప్పుడు షార్ట్‌హ్యాండ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో టైపిస్టు. అక్కడి మేష్టారికి ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు ఇంటి దగ్గర సాధన చెయ్యడానికి ఉత్తరాలు చదివి రికార్డులు చేయిస్తే బాగుంటుందని. నిమిషానికి అరవై మాటల రికార్డు ఆయనే చదివాడు. ఎనభై మాటల రికార్డుకి వచ్చేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. అక్క మాట ఎంత వేగంగా దొర్లినా ఒక్క అక్షరం మింగదు. దాంతో అక్కని పంపాడు. రికార్డు చేసే స్టూడియో రెండు గదులది. ఒక గదిలో మైకు, అద్దానికి అవతల గదిలో రికార్డు మీద గాడి కోసే యంత్రం. ఆ యంత్రానికి మరమ్మతులు చూసే కుర్రవాడే మా బావ. మనిషిని సరిగ్గా చూడకముందే చెవులకి పెట్టుకున్న డబ్బాల్లో గొంతు విన్నాడు. "అయ్యా, తాము పంపిన మూడు పెట్టెల మేకులు అందినవి. అందులో ఒక పెట్టె తడిసి ఉన్నది." ఆ మాటలకి మనసు పారేసుకున్న మగవాడు ప్రపంచంలో ఇంకొకడు ఉండడు.

ఏడాది తిరిగేసరికి పెళ్ళి. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. అక్కా నేనూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. అది వెళ్ళిపోయాక ఆ మంచం మీద నాకు ఆర్నెల్లు నిద్ర పట్టలేదు. బావ మీద నాకున్న మొదటి కోపం అదే. అది పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపరం చేశారు. ఇంటి నిండా మైకులు, టేపు రికార్డర్లు. ముందుగదిలో కాలు పెట్టాలంటే తీగలు దాటుకుంటూ వెళ్ళాలి. ఊళ్ళో వాళ్ళ గొంతులన్నీ ఆ గదిలో టేపుల మీదకి ఎక్కాయి. అక్క గొంతు మాత్రం ఒక్కనాడు కూడా ఎక్కలేదు. బావ ఒకటి రెండుసార్లు మైకు ముందు కూర్చోమన్నాడట. "రోజూ వింటూనే ఉన్నారుగా, ఇంకా దాచిపెట్టుకుని ఏం చేస్తారు?" అందట అక్క. ఫోన్లో అక్క మాట్లాడేదే తక్కువ. గుమ్మంలో నిలబడి కేకేస్తే వీధి చివర మా ఇంట్లోకి వినపడే మనిషికి ఫోనెందుకు? ఎవరివో పెళ్ళి వీడియోల్లో అక్క కనిపిస్తుంది, కానీ బాజాల హోరులో పెదవులు కదలడమే చూస్తాం. అక్క పోయిన నెల రోజులకి బావ అటకెక్కి ఆ రికార్డు దించాడు. ఇల్లంతా వెతికినా ఇదొక్కటే దొరికిందని నాకు చూపించాడు. ఆ రోజు ఆయన మొహం చూసి నేను ఎగతాళి చెయ్యలేకపోయాను.

ఇక్కడ కొంచెం బావ విద్య గురించి చెప్పాలి. నాకు అర్థమైనంతే చెబుతాను. రికార్డు కోసేటప్పుడు లావు శబ్దాల్ని ఉన్నవి ఉన్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిలో పడుతుందట. అందుకని వాటిని తగ్గించి కోస్తారు. సన్న శబ్దాలు, 'స' 'శ' లాంటివి, ముల్లు గీరే చప్పుడులో కలిసిపోతాయని వాటిని పెంచి కోస్తారు. వినేటప్పుడు తగ్గించినదాన్ని సరిగ్గా అంతే పెంచాలి, పెంచినదాన్ని సరిగ్గా అంతే తగ్గించాలి. ఆ పని చేసేది ప్రీయాంప్ అనే చిన్న పెట్టె. నీళ్ళలో పెడితే ముడుచుకునే బట్ట అని తెలిసి నేను ముందే వదులుగా కత్తిరిస్తాను చూడండి, అలాంటిదే. ఎంత ముడుచుకుంటుందో అంతే వదులివ్వాలి. లేకపోతే ఆ గౌను వేసుకున్న మనిషి ఇంకెవరిలాగో ఉంటుంది.

ఆ పెట్టెలో లెక్కంతా నాలుగైదు రెసిస్టెన్సులు, నాలుగైదు కండెన్సర్లు అనే చిన్న భాగాల చేతిలో ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే వాటి మీద రాసినదొకటి, వాటిలో ఉన్నదొకటి. వంద అని రాసి ఉంటుంది, పది శాతం అటూ ఇటూ అని ఒక వెండి గీత గీసి ఉంటుంది. అంటే తొంభై ఉండొచ్చు, నూట పదీ ఉండొచ్చు. బంగారు గీతైతే ఐదు శాతం. కండెన్సర్లు ఇంకా అన్యాయం, ఇరవై శాతం తేడా ఉన్నా సిగ్గుపడవు. రేడియోలో వార్తలు వినడానికి అది చాలు. బావకి కావలసింది వార్తలు కాదు.

పాత ప్రీయాంప్‌తో మొదటిసారి విన్నప్పుడు అక్క గొంతు మధ్యలో నిలబడలేదు. రికార్డులో గొంతు ఒకటే, కానీ ముల్లు దాన్ని కుడి, ఎడమ అని రెండు దారుల్లో పంపుతుంది. కుడి దారిలో కండెన్సర్ ఒక వైపుకి తప్పితే, ఎడమ దారిలోది ఇంకో వైపుకి తప్పింది. దాంతో "పెట్టె" అన్నప్పుడు అక్క ఎడమ పక్కన ఉంది, "తడిసి" అన్నప్పుడు 'స' ఒక్కటీ కుడిగోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

"నీ దగ్గరికి జరుగుతోంది బావా" అన్నాను నేను, ఆయన కుడివైపు కూర్చుని ఉన్నాడని.

"నా దగ్గరికి కాదు, నాలుగు శాతం జరుగుతోంది" అన్నాడు.

ఆ రోజు నుంచి మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం నేను కొట్టు మూసి, ఆయన ఒక్కడూ తిన్నాడో లేదో చూద్దామని వెళితే, బల్ల మీద కండెన్సర్లు గుట్టలు పోసి ఉండేవి. ఒక్కొక్కటే మీటరు కొక్కేలకి తగిలించి, అంకె చూసి, కాగితం ముక్క అంటించి, డబ్బాలో వెయ్యడం. మూడు తక్కువ డబ్బా, రెండు తక్కువ డబ్బా, ఒకటి ఎక్కువ డబ్బా. సరిగ్గా సున్నా అని రాసిన డబ్బా ఎప్పుడూ ఖాళీగా ఉండేది. కొన్నిసార్లు ఒకే సంచిలోవి ఐదు వందలు కొలిస్తే అన్నీ ఒకే వైపుకి, నాలుగు తక్కువకీ ఆరు తక్కువకీ మధ్యే వచ్చేవి. ఒక సంచిలోవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే అబద్ధం చెబుతాయని బావ అనేవాడు.

"నువ్వు చెయ్యి వెచ్చగా పట్టుకుంటే అంకె మారుతుంది, ముట్టుకోకు" అని నన్ను కసిరేవాడు.

"అక్క ఉంటే ఈ డబ్బాలన్నీ వీధిలో ఉండేవి" అనేదాన్ని.

"అక్క ఉంటే నేను కొలవడమెందుకు?" అనేవాడు.

లేచి గిన్నెలు కడిగేదాన్ని.

రికార్డు అరిగిపోతుందని ఆయన భయం. ఒక్కో సారి ముల్లు పెడితే గాడి ఎంతో కొంత పోతుందట. అందుకని అక్కని నెలకి ఒక్కసారే వినేవాళ్ళం, అదీ మొదటి ఉత్తరమే. ఉత్తరానికి ముందు టంగుమని బల్ల గంట ఒకటి మోగుతుంది, రాసేవాళ్ళు సిద్ధంగా ఉండమని. ఆ తరువాత మేకులు. ఆఖర్న "తమ జవాబునకు ఎదురు చూచుచున్నాము." బావ ముల్లు ఎత్తేసేవాడు. నెలంతా ఎదురుచూసి అరనిమిషం వినడం. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నెలలన్నీ నేను కూడా ఆయనతో పాటు లెక్కపెట్టుకున్నానని ఒప్పుకోక తప్పదు. ఊరికే భోజనం సంగతి కనుక్కోవడానికి వెళ్ళానని మా ఇంటాయనకి చెప్పేదాన్ని గానీ, నాకూ అక్క కావాలి.

నాలుగేళ్ళు పట్టింది. కుడి, ఎడమ రెండు దారుల్లోనూ అన్నీ ఒక శాతం లోపలివే, వాటిలోనూ ఏరి, ఎక్కువైనదానికి తక్కువైనదాన్ని జతచేసి, పావు శాతానికి దించాడు. పరీక్షకి మీటరు పెట్టి గీత గీశాడు. ఆ గీత పుస్తకంలో ఉన్న గీత మీద అచ్చు గుద్దినట్టు పడింది. ఆ ఆదివారం బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గెడ్డం గీసుకున్నాడు.

ముల్లు పెట్టాడు. గంట మోగింది. అక్క మాట్లాడింది. ఈసారి అటూ ఇటూ జరగలేదు, రెండు స్పీకర్ల మధ్య కదలకుండా నిలబడి మాట్లాడింది. కానీ ఆ గొంతు మసకగా ఉంది. 'స'లు, 'శ'లు అరిగిపోయి, చెవిలో దూది పెట్టుకుని విన్నట్టుంది. పాత పెట్టెలోనే నయం, కనీసం ఆ కుడివైపున్న సగం అక్కలా ఉండేది.

"ఇది అక్క కాదు" అన్నాను. మెల్లగా అందామనుకున్నాను, నోట్లోంచి గట్టిగా వచ్చేసింది.

బావ ముల్లు ఎత్తి, రికార్డు తీసి, కవరులో పెట్టాడు. "లెక్క సరిపోయింది" అన్నాడు. కవరు మూసి, "లెక్కలో ఎక్కడా తప్పు లేదు కత్తెరా" అన్నాడు. నన్ను ఆయన అలాగే పిలుస్తాడు. ఆయన చేతులు బల్ల మీద ఏదో వెతుకుతున్నాయి, ఏం కావాలో వాటికే తెలియడం లేదు. ఎంత కచ్చితంగా చేస్తే అంత దూరం పోయింది మనిషి. ఇంటికొచ్చి ఆ రోజు రెండు జేబులు తలకిందులుగా కుట్టాను.

తరువాత రెండు నెలలు బావ ఆ పెట్టె జోలికి పోలేదు. వచ్చిన మరమ్మతులు చేసుకుంటూ ఉండిపోయాడు. మాట కూడా తగ్గించేశాడు. ఎవరైనా పర్సెంటు అని పిలిస్తే పలకడం మానేశాడని బజారులో చెప్పుకున్నారు.

ఆ మధ్యలో నా కొట్టుకి కోర్టులో పని చేసి రిటైరైన టైపిస్టు ఒకావిడ జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చింది. మాటల్లో అక్క ప్రస్తావన వచ్చింది. "మీ అక్క ఎనభై మాటల రికార్డు నా దగ్గర లేదుగానీ, మేష్టారి అరవై మాటలది ఉందమ్మా" అంది ఆవిడ. నాకు కుట్టుమిషను మీద కాలు ఆగిపోయింది. ఎక్కడుందంటే పూలకుండీ కింద పళ్ళెంగా పెట్టిందట. అప్పటికప్పుడు ఆవిడ వెంట వెళ్ళి, కుండీ పక్కకి జరిపి, దాన్ని మట్టితో సహా తెచ్చాను. కుండీకి మా ఇంట్లోంచి స్టీలు పళ్ళెం ఇచ్చాను. ఎందుకు తెచ్చానంటే పెద్ద తెలివితేటలేమీ కాదు. బావ మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చుంటే చాలనుకున్నాను.

ఆయన విసుక్కున్నాడు. అయినా కడిగాడు. గాజుగుడ్డతో తుడిచి, గాడిలో నీళ్ళు ఆరేదాకా దాన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, తరువాత ముల్లు పెట్టాడు. గీతలన్నీ టపటపలాడాయి. వాటి మధ్యలోంచి గంట మోగింది.

టంగ్. సన్నగా, పదునుగా, చివర తీగలా సాగుతూ.

బావ తల ఎత్తాడు. మేష్టారు ఒక్కో మాటా ఏరినట్టు విడివిడిగా ఏదో నూనె డబ్బాల ఉత్తరం మొదలుపెట్టాడు. బావ అది వినడం లేదు. ముల్లు ఎత్తి, అక్క రికార్డు పెట్టాడు. గంట మోగింది. అదే గంట, అదే బల్ల, మైకు ముందు అదే చోటు. కానీ ఇక్కడ దాని చివర తీగలా సాగలేదు. ఎవరో వేలు పెట్టి ఆపినట్టు మొద్దుగా ఆగిపోయింది. మళ్ళీ అది, మళ్ళీ ఇది. నెలకొక్కసారి అని నియమం పెట్టిన మనిషి ఆ మధ్యాహ్నం ఆ గంటని తొమ్మిదిసార్లు వాయించాడు.

"పెట్టె సరిగానే ఉంది" అన్నాడు చివరికి. "తప్పు గాడిలోనే ఉంది."

"గాడిలో తప్పెలా వస్తుంది?"

నేను టీ పెట్టి ఇస్తే బావ చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. ముప్ఫై ఏడేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి, అక్కకీ చెప్పని సంగతి. ఆ రోజు ఉదయం గాడి కోసే ఆంప్లిఫయరులో కండెన్సర్ ఒకటి కాలిపోయింది. సన్న శబ్దాల్ని పెంచే చోట ఉండేది. అక్క ఒక పూట సెలవు పెట్టి వచ్చింది, అద్దానికి అవతల కాగితాలు పట్టుకుని నిలబడి పెదవులు కదుపుతూ సాధన చేసుకుంటోంది. మీటరు యజమాని బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గర ఉంది. బావ సొరుగులో చెయ్యి పెట్టి, అదే అంకె రాసి ఉన్న ఇంకొకటి తీసి టంకం వేసేశాడు. ఇరవై శాతం రకం. కొలవలేదు. సాయంత్రం మీటరు దొరికాక సరైనది వేద్దామనుకున్నాడు.

"మరి వెయ్యలేదా?"

"వేశాను. మర్నాడు వేశాను. కానీ మీ అక్క చదివింది ఆ రోజే కదా."

"సాయంత్రం దాకా ఆగమని చెప్పొచ్చుగా."

"ఆగమంటే వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, కోపం వాటికన్నా ముందు వచ్చింది. "లోకంలో ప్రతి రాయీ ఎంత తేడా అని అడిగావు, నా చొక్కా చేతులు కొలిచావు, కొట్లవాళ్ళు అబద్ధాల కండెన్సర్లు అమ్ముతున్నారని నాలుగేళ్ళు తిట్టావు. కొలవాల్సిన ఒక్క రోజూ కొలవలేదన్నమాట" అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ ఒక్క రోజు తరువాతే ఈయన అన్నిటినీ కొలవడం మొదలుపెట్టి ఉంటాడని నాకు అనిపించింది గానీ అడగలేదు. అప్పటికే నా నోరు చాలా వాగింది.

గంట దొరికింది కాబట్టి దారి దొరికింది. రెండు రికార్డుల మీదా గంట మోతని బావ మీటరుతో కొలిచాడు. మొదటి దెబ్బ ఎంత, చివరి తీగ ఎంత, ఒకదానిలో ఎంత, రెండోదానిలో ఎంత. మూడు రోజులు కాగితాలు నింపాడు. తేలిందేమిటంటే, ఆ రోజు సొరుగులోంచి తీసిన కండెన్సర్ రాసినదానికన్నా పదిహేడు శాతం తక్కువ. కాబట్టి ఇక్కడ, ఈ పెట్టెలోనూ, సరిగ్గా పదిహేడు శాతం తక్కువది వెయ్యాలి. అప్పుడే అక్కడ పెరగనిది ఇక్కడ తగ్గకుండా ఉంటుంది. పావు శాతానికి సరిచేసిన కండెన్సర్లని బావ తన చేతులతో ఊడబీకాడు. పనికిరావని అటక మీద పారేసిన డబ్బాలు దించి, పదిహేడు తక్కువవి కుడికొకటి, ఎడమకొకటి ఏరడానికి రెండు ఆదివారాలు పట్టింది. నేను కూడా పక్కన కూర్చుని ఏరాను. ఈసారి ముట్టుకోవద్దని అనలేదు.

మూడో ఆదివారం, ఎండ కిటికీలోంచి బల్ల మీదకి వచ్చే వేళ, ముల్లు పెట్టాడు.

గంట సన్నగా, తీగ సాగుతూ మోగింది. "అయ్యా" అంది అక్క.

అంతే. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేశాయి. దీపం ఆర్పాక మంచం మీద ఒకే దుప్పటి కింద పక్కింటి వాళ్ళ సంగతులు నా చెవిలో చెప్పే గొంతు అది. నా జడ లాగి కట్టి, "కదిలావంటే చంపేస్తా" అనే గొంతు. 'స' దగ్గర నాలుక పళ్ళకి తగిలి చిన్న ఈల వచ్చేది, ఆ ఈల కూడా ఉంది. పెళ్ళయి వెళ్ళిపోయిన రోజు నుంచి నేను పోగొట్టుకున్నది మొత్తం, మేకుల లెక్కలు చెబుతూ, ఆ గదిలో నిలబడి ఉంది. పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఉత్తరం అయిపోయింది.

"ఇదే బావా" అన్నాను. "ఇదే అక్క. ఈల కూడా వచ్చింది, విన్నావా?"

బావ ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. ఆయన మొహంలో సంతోషం లేదు. బస్సు దిగిన వాళ్ళలో తనవాళ్ళు లేరని తెలిసినవాడిలా ఉన్నాడు.

"విన్నాను" అన్నాడు. "బాగా వచ్చింది. ఆ రోజు చెవి డబ్బాల్లో విన్నది ఇదే."

"మరి?"

"ఈ పిల్లకి నేనెవరో తెలీదు కత్తెరా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే మెల్లగా చెప్పాడు. "ఆ గొంతు నచ్చే చేసుకున్నాను, నిజమే. కానీ నాతో ఉన్నది ఇది కాదు. ఇది గుమ్మంలోంచి కేకెయ్యలేదు. నా మీద విసుక్కోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ ఇంత చొప్పున మారుతూ వచ్చింది, పక్కనే ఉండి నేను గమనించుకోలేదు. ఇది ఎవరో పిల్ల, ఎవరికో ఉత్తరాలు చదువుతోంది."

నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్ళకి పైగా కళ్ళు పోయేలా కొలిచినవాడు ఆయన. ఎగతాళి చేస్తూ టీ తాగినదాన్ని నేను. అక్క వచ్చి నా ఒళ్ళో కూర్చుంది, ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు. మొదటిసారి ఆ మనిషిని ఓదార్చాలనుకున్నాను. ఆ స్టూడియో అద్దానికి అటువైపు నిలబడ్డట్టు, నేను ఆయనకి ఏమిచ్చినా అందదనిపించింది.

బావే లేచి, చిన్న కండెన్సర్లున్న డబ్బా దించాడు. నువ్వుగింజల్లా ఉంటాయి అవి. "ఆ క్లిప్పులు ఇలా ఇయ్యి" అన్నాడు. పదిహేడు తక్కువగా ఉన్నదాని పక్కన చిన్నదాన్ని తగిలిస్తే అంతకి అంత కలిసి, సన్న శబ్దాలు రవ్వంత తగ్గి, గొంతు రవ్వంత లావెక్కుతుందట. కుడికొకటి, ఎడమకొకటి. ఒక శాతం. అరిగిపోతుందన్న భయం ఆ రోజు ఏమైందో, మళ్ళీ మొదటి నుంచి ముల్లు పెట్టాడు. మూడు పెట్టెల మేకులు అందినవి. ఇంకో జత. మూడు పెట్టెల మేకులు అందినవి.

నేను అందిస్తున్నాను, ఆయన తగిలిస్తున్నాడు. నాలుగు శాతం దగ్గర నాకు తెలిసిన ఆ 'స' ఈల పోయింది. నాకు ఆపమని అరవాలనిపించింది, అయినా ఇంకో జత అందించాను. నా అక్క వెళ్ళిపోతోంది, రెండోసారి, ఈయనతోనే. ఏడు దగ్గర నా పెళ్ళికి వచ్చి పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగిన గొంతు వచ్చింది. తొమ్మిది, పది. గొంతు అడుగున కొంచెం బరువు చేరింది. మాట చివర్లు కాస్త దిగుతున్నాయి. బావ మొహం నేను చూడటం మానేశాను.

పదమూడు దగ్గర ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది. "ఆగు" అన్నాడు.

అక్క మాట్లాడుతోంది. గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండా, ఆయనకి వినపడుతుందని తెలుసు కాబట్టి గొంతు పెంచకుండా మాట్లాడే అక్క. పూర్తిగా నిజం కాదు, మేకుల గురించి ఏ భార్య ఇంత మర్యాదగా మాట్లాడుతుంది? అయినా ఆమే. "అందులో ఒక పెట్టె తడిసి ఉన్నది" అన్నప్పుడు బావ తల ఊపాడు, ఇంట్లో ఏదో తడిసిందని చెబితే ఊపినట్టు. ఉత్తరం చివరిదాకా విన్నాడు. కళ్ళలోంచి కారుతుంటే తుడుచుకోలేదు.

నా వేళ్ళ మధ్య ఇంకో జత ఉంది. అలవాటుగా ముందుకి చాపాను. "ఇంకొకటి వేసి చూద్దామా? ఇంకా దగ్గరికి రావచ్చు."

"వద్దు" అన్నాడు బావ. "ఇంకా వేస్తే మీ అక్క మంచం పట్టిన రోజులు వచ్చేస్తాయి."

నా చేతిలోవి డబ్బాలో పడేశాను. క్లిప్పులకి వేలాడుతున్నవాటికి అక్కడే టంకం వెయ్యడానికి ఆయన సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టాడు. అది వేడెక్కేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.